కొత్త రోల్‌ప్లేయింగ్ గేమ్ రూల్‌బుక్ మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి? డాగర్‌హార్ట్ ఉదాహరణగా తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఒక చిన్న గుంపుకి గేమ్ మాస్టర్‌గా ఆట నడుపుతున్నాను. కొత్త పుస్తకం ఏది వచ్చినా తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఇది బాగుందా?" ఒక్క మాటలో చెప్పలేక ప్రతిసారీ అరగంట మాట్లాడతాను. ఆ అరగంటలన్నీ కలిపి ఇక్కడ రాశాను.

ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్ల కోసం: రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఏమిటి?

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకరు గేమ్ మాస్టర్, అంటే జీఎం. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. ఎదురుగా ఏముందో జీఎం చెప్తారు, తమ పాత్ర ఏం చేస్తుందో ప్లేయర్లు చెప్తారు. అది కుదురుతుందో లేదో అనుమానం వచ్చినచోట పాచికలు వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ రకం ఆట అచ్చులోకి వచ్చింది. బోర్డు తప్పనిసరి కాదు. చివర్లో ఒకరు గెలిచి మరొకరు ఓడడమూ ఉండదు. క్యారమ్స్‌కి బోర్డు ఎంత ముఖ్యమో ఈ ఆటకి రూల్‌బుక్ అంత ముఖ్యం.

పుస్తకం మొత్తం చదివితే అది మంచిదో కాదో తెలిసిపోదా?

సగం తెలుస్తుంది. భాష తేలిగ్గా ఉందా, బొమ్మలు బాగున్నాయా, కావాల్సిన రూల్ వెతికితే దొరుకుతోందా అన్నవి చదివితే తెలుస్తాయి. అసలు సంగతి మాత్రం ఆడితేనే బయటపడుతుంది. పుస్తకం వెనక అట్ట మీద చెప్పిన ఆటా, లోపలి రూల్స్ మనతో ఆడించే ఆటా ఒకటేనా? నేను ఏ పుస్తకాన్నైనా కొలిచేది ఈ ఒక్క ప్రశ్నతోనే.

పాత ఉదాహరణ ఒకటి చెప్తాను. 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షసుల్ని చంపితే పాత్ర లెవెల్ (స్థాయి) పెంచే అనుభవ పాయింట్లు వచ్చేవి, నిధి బయటికి తెచ్చినా వచ్చేవి. నిధి వల్ల వచ్చేవే చాలా ఎక్కువ. దాంతో తెలివైన ప్లేయర్లు కొట్లాట తప్పించుకుని, దొంగచాటుగా బంగారం తెచ్చుకోవడం నేర్చుకున్నారు. "మీరు జాగ్రత్తగా ఉండండి" అని పుస్తకం పాఠం చెప్పనక్కర్లేదు, పాయింట్ల లెక్కే ఆ పని చేసింది. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే ఆట ఇంకో అడుగు ముందుకు వేసింది. పాత్రని తయారు చేసుకుంటుండగానే, ఆట మొదలవకముందే, ఆ పాత్ర చచ్చిపోవచ్చు. సైన్యంలో ఇంకో నాలుగేళ్లు ఉండి నైపుణ్యం పెంచుకోవాలా, ప్రాణంతో బయటపడాలా అన్న బేరం అక్కడే మొదలవుతుంది. ముందుమాటలో పది పేజీలు రాసినా రాని అనుభూతి ఆ ఒక్క రూల్‌తో వస్తుంది.

ఉదాహరణకి డాగర్‌హార్ట్‌నే ఎందుకు తీసుకున్నారు?

మొదటి కారణం, దాన్ని నేను స్వయంగా నడిపాను. రెండోది, దాని రూల్స్ సారాంశం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి నేను చెప్పేది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. క్రిటికల్ రోల్ సంస్థ ప్రచురణ విభాగమైన డారింగ్టన్ ప్రెస్ దీన్ని 2025 మేలో విడుదల చేసింది. ప్రధాన డిజైనర్ స్పెన్సర్ స్టార్క్. కథ అందరూ కలిసి అల్లుకోవాలి, పోరాటాలు కూడా ఆ కథలాగే సాగాలి అన్నది ఈ పుస్తకం ఇచ్చే మాట. అది గట్టి మాట, కాబట్టి గట్టిగానే పరీక్షించాలి.

ముఖ్యమైన రూల్ ఒకటి ముందే చెప్పుకుందాం. ప్రతి ప్లేయర్ దగ్గరా పన్నెండు ముఖాల పాచికలు రెండు, వేరువేరు రంగుల్లో ఉంటాయి. ఒకటి హోప్, ఇంకోటి ఫియర్. రెండూ వేసి, కూడి, పాత్ర గుణానికి ఉన్న అంకె కలిపితే వచ్చేది జీఎం పెట్టిన కష్టం అంకెకి సమానమైనా, దాన్ని దాటినా పని జరిగినట్టు. అక్కడితో అయిపోదు. రెండిట్లో హోప్ పాచిక పెద్దదైతే ప్లేయర్‌కి ఒక హోప్ పాయింట్. ఫియర్ పెద్దదైతే జీఎంకి ఒక ఫియర్ పాయింట్, అది చిక్కులు తేవడానికీ శత్రువుల శక్తులు వాడటానికీ ఖర్చు పెట్టేది. రెండూ సమానంగా పడితే క్రిటికల్, కష్టం ఎంతున్నా పని జరిగిపోతుంది.

పుస్తకం చేతికి రాగానే మొదట ఎక్కడ తెరవాలి?

క్యారెక్టర్ షీట్, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితం దగ్గర. ప్లేయర్ కళ్లు మూడు గంటలపాటు ఆ ఒక్క కాగితం మీదే ఉంటాయి. దాని మీద దేనికి పెద్ద చోటిచ్చారో చూడండి. నిండా ఆయుధాలూ డ్యామేజ్ గడులే ఉంటే, ఆట ఎంత కథ చెప్తానన్నా ప్లేయర్ చెయ్యి కత్తి మీదికే పోతుంది. డాగర్‌హార్ట్ షీట్‌లో హోప్ గడులు, స్ట్రెస్ (పాత్ర మీద పడే ఒత్తిడి) గడులు, ఎక్స్‌పీరియెన్స్‌లు (పాత్ర గతం గురించి ప్లేయర్ రాసుకునే మాటలు) అన్నీ కంటి ముందే ఉంటాయి. నాకు అది నచ్చింది.

తర్వాత నేరుగా జీఎం అధ్యాయానికి వెళ్తాను. చాలా పుస్తకాలు ఇక్కడే తేలిపోతాయి. "మంచి కథ చెప్పండి, అందరికీ సరదాగా ఉండేలా చూడండి" అని రాసి వదిలేస్తే అది సలహా, రూల్ కాదు. ఎప్పుడు మాట్లాడాలి, ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అని పని చెప్పే పుస్తకం కొత్త జీఎంని నిలబెడుతుంది. డాగర్‌హార్ట్‌లో ఈ అధ్యాయం బలమైనది. ప్లేయర్ విఫలమైతే జీఎం ఏం చేయవచ్చో ఉదాహరణలతో చెప్తుంది.

ఇక వెతుకులాట పరీక్ష. గడియారం పెట్టుకుని మూడు ప్రశ్నలకి జవాబు వెతకండి: చీకట్లో కొడితే ఏమవుతుంది, పడిపోయిన స్నేహితుణ్ణి ఎలా లేపాలి, విశ్రాంతి తీసుకుంటే ఏం తిరిగి వస్తుంది. ఒక్కోదానికి నిమిషం దాటుతోందంటే ఆట మధ్యలో అందరూ మీ మొహం చూస్తూ కూర్చుంటారు. 2024లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఈ విషయంలో మెచ్చుకోదగ్గది. రూల్స్‌లో వాడే పదాలన్నీ చివర్లో అక్షర క్రమంలో పెట్టారు. 384 పేజీల పుస్తకం అయినా చెయ్యి సరైన చోటుకే పోతుంది.

పాచికల లెక్క నిజంగా వేయాలా? లెక్కలంటే నాకు టెన్షన్.

వేయాలి, అది మీరనుకున్నంత కష్టం కాదు. పదో తరగతి సంభావ్యత చాలు. కాగితం మీద పన్నెండు అడ్డవరసలు, పన్నెండు నిలువు వరసలు గీస్తే 144 గడులు వస్తాయి. డాగర్‌హార్ట్‌లో పడగలిగిన ఫలితాలన్నీ ఆ గడుల్లో ఉన్నాయి.

కొత్త పాత్రకి బాగా వచ్చిన గుణం +2 ఉంటుంది. కష్టం అంకె 15 అనుకుందాం. అంటే పాచికల మీద 13 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడాలి. గడులు లెక్కపెడితే ఇలా వస్తుంది. క్రిటికల్ 12 గడులు, అంటే 8.3 శాతం. పని జరిగి హోప్ వచ్చేవి 36 గడులు, 25 శాతం. పని జరిగి ఫియర్ వచ్చేవి కూడా 36, మరో 25 శాతం. మిగిలిన 60 గడుల్లో పని జరగదు. వాటిలో సగం హోప్‌తో, సగం ఫియర్‌తో. మొత్తం మీద పని జరిగే అవకాశం 58.3 శాతం.

"ఫర్వాలేదు, సగం కంటే ఎక్కువే కదా" అని ఇక్కడ ఆగిపోకండి. ఇంకో రూల్ ఉంది: విఫలమైనా, ఫియర్‌తో వచ్చినా ఆట జీఎం చేతికి వెళ్తుంది. అంటే ఆట ప్లేయర్ల దగ్గరే ఉండేది హోప్‌తో నెగ్గినప్పుడూ క్రిటికల్ పడినప్పుడూ మాత్రమే. 36కి 12 కలిపితే 48. 144లో అది మూడో వంతు. మూడు సార్లు పాచికలు వేస్తే రెండు సార్లు జీఎం ఏదో ఒకటి చేయాల్సిందే, అదీ పాత్రకి బాగా వచ్చిన పనిలో.

ఈ ఒక్క లెక్కతో ఆట స్వభావం కళ్లకి కడుతుంది. ఈ ఆటలో పరిస్థితి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. "తలుపు తెరుచుకుందా? లేదా? సరే, ఇంకోసారి వేస్తాను" అనే చచ్చు క్షణాలు దాదాపు ఉండవు. అదే సమయంలో జీఎంకి ఊపిరాడదు. ప్రతి రెండు నిమిషాలకీ కొత్త చిక్కు పుట్టించగల జీఎం కావాలి. పుస్తకం ఆ భారాన్ని దాచదు గానీ, కొనే ముందు మీరు దాన్ని గుర్తించాలి.

పోల్చి చూసుకోవడానికి ఇంకోటి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడితే పూర్తిగా జరిగినట్టు, 7 నుంచి 9 అయితే జరుగుతుంది గానీ ఏదో ఒకటి మూల్యం చెల్లించాలి, 6 గానీ, అంతకంటే తక్కువ గానీ అయితే జీఎం వంతు. ఏ అంకె కలపకుండా వేస్తే పూర్తి విజయం 16.7 శాతమే. +2 కలిపితే అది 41.7 శాతానికి ఎగబాకుతుంది. చిన్న పాచికల మీద ఒక్కో అంకె ఎంత బరువు తూగుతుందో చూశారా? ఇరవై ముఖాల పాచిక మీద +1 అంటే ఎక్కడైనా అయిదు శాతమే.

ఈ లెక్క టేబుల్ మీద అలాగే కనిపించిందా?

కనిపించింది, ఒక పాఠం కూడా నేర్పింది. పాచికలు ఎప్పుడు వేసినా ఫియర్ పడే అవకాశం 45.8 శాతం. ఒక సెషన్‌లో, అంటే ఒక పూట ఆటలో, ఇరవై సార్లు పాచికలు వేశారంటే దాదాపు తొమ్మిది ఫియర్ పాయింట్లు జీఎం దగ్గర చేరతాయి. జీఎం గరిష్ఠంగా 12 మాత్రమే దాచుకోగలరు, ఆ పైన వచ్చేవి జమ కావు. మొదటి సెషన్‌లో "పెద్ద పోరాటం కోసం దాచుకుందాం" అని నేను ఖర్చే పెట్టలేదు. రెండో గంటకి 12 నిండాయి. ఆ తర్వాత ఫియర్ పడ్డా ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆట చప్పబడింది.

రెండో సెషన్‌లో వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టాను. వంతెన తాళ్లు తెగాయి, కాపలావాడు ఒక్క క్షణం ముందే తిరిగి చూశాడు, దీపం ఆరిపోయింది. ప్లేయర్లు నా ముందున్న ఫియర్ కుప్పని చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. అదే పుస్తకం, అవే రూల్స్. ఒక్క సెషన్ ఆడి ఆపేసి ఉంటే "ఫియర్ అనేది అనవసరపు హంగు" అని అందరికీ చెప్పి ఉండేవాణ్ణి, తప్పు చెప్పి ఉండేవాణ్ణి.

అయితే ఎన్ని సెషన్లు ఆడాకా అభిప్రాయం చెప్పాలి?

నా లెక్కలో కనీసం మూడు. మొదటిది పుస్తకం నేర్చుకోవడానికి. రెండోదాంట్లో రూల్స్ గుర్తుంటాయి. మూడోదాంట్లో ప్లేయర్లు రూల్స్‌ని తమ లాభానికి వాడుకోవడం మొదలుపెడతారు, లోపాలు అప్పుడే బయటపడతాయి. లెవెల్ పెరిగాక ఆట ఎలా ఉంటుందో తెలియాలంటే మూడు కూడా చాలవు. డాగర్‌హార్ట్‌లో 1 నుంచి 10 వరకు లెవెల్స్ ఉన్నాయి. ఒకటో లెవెల్ మాత్రమే ఆడినప్పుడు ఆ మాట కూడా చెప్పేయండి, చాలు.

డాగర్‌హార్ట్‌లో వంతులు లేవని విన్నాను. నోరున్నవాళ్లే ఆటంతా ఆడేయరా?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా.

చాలా ఆటల్లో పోరాటం మొదలవగానే పాచిక వేసి వరస కడతారు. డాగర్‌హార్ట్‌లో ఆ వరస లేదు. కథలో ఎవరు కదిలితే సహజంగా ఉంటుందో వాళ్లే కదులుతారు, పుస్తకం దీన్ని స్పాట్‌లైట్ అంటుంది. మా గుంపులో ఒక చెల్లెమ్మ ఉంది, నెమ్మది మనిషి. మొదటి సెషన్ సగంలో నన్ను పక్కకి పిలిచి, "అన్నా, నేను ఎప్పుడు మాట్లాడాలి?" అని అడిగింది. వరస ఉన్న ఆటలో ఆ అమ్మాయి వంతు తప్పకుండా వచ్చేది, ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

పుస్తకంలో దీనికి ఒక ఐచ్ఛిక రూల్ ఉంది. తలా మూడు టోకెన్లు తీసుకోవాలి, ఏదైనా చేసినప్పుడల్లా ఒకటి తీసేయాలి. అయిపోయినవాళ్లు మిగతావాళ్లవి కూడా అయ్యేదాకా ఆగాలి. మేం చింతగింజలు పెట్టుకుని అది మొదలుపెట్టాం. ఒక్క సెషన్‌లోనే తేడా కనిపించింది. ఆ అమ్మాయి ముందు మూడు గింజలు మిగిలి ఉంటే అందరి చూపూ అటే తిరిగేది. నా అభిప్రాయంలో ఇది ఐచ్ఛికం కాకుండా అసలు రూల్‌గా ఉండాల్సింది. కొత్త గుంపుతో ఆడేవాళ్లు మొదటి రోజు నుంచే వాడండి.

ఏ పుస్తకమైనా అంచనా వేసేటప్పుడు మీ గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషిని మనసులో పెట్టుకుని చదవండి. ఆ మనిషికి ఈ రూల్స్ ఏం ఇస్తున్నాయి?

డ్యామేజ్ లెక్క గందరగోళంగా ఉందని విన్నాను. నిజమేనా?

మొదటి గంట నిజమే. దెబ్బ ఎంత తగిలిందో అంత ప్రాణం తగ్గించడం ఇందులో ఉండదు. ప్రతి పాత్రకీ రెండు హద్దులు ఉంటాయి. లెదర్ కవచం వేసుకున్న ఒకటో లెవెల్ పాత్రకి అవి 7, 14. దెబ్బ 7 కంటే తక్కువైతే ఒక ప్రాణం గడి, 7 నుంచి 13 దాకా రెండు గడులు, 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే మూడు గడులు పోతాయి. 9 తగిలితే రెండు గడులు. కవచం గడి ఒకటి వాడితే ఒక మెట్టు తగ్గి ఒక్క గడే పోతుంది.

కాగితం మీద ఇది చుట్టుదారిలా కనిపిస్తుంది. ఆడితే లాభం తెలుస్తుంది. ప్రాణం యాభై అరవై ఉండి తీసివేతలు చేసుకుంటూ పోవడం కంటే, ఆరు గడుల్లో రెండు పోయాయి అంటే ఎవరికైనా గుండె జారుతుంది. అయినా పన్నెండేళ్ల పిల్లలతో ఆడేటప్పుడు నేను ఈ హద్దులు పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాసిస్తాను.

కార్డులు లేకుండా ఆడొచ్చా?

ఆడొచ్చు. పాత్ర శక్తులు చాలావరకు కార్డుల రూపంలో ఉంటాయి, వాటి మాటలు పుస్తకంలోనూ ఉన్నాయి. కార్డు చేతిలో ఉంటే కొత్తవాళ్లు పేజీలు తిప్పరు, అదే వాటి ఉపయోగం. ప్రింట్ తీసి అట్టకి అంటించుకున్నా సరిపోతుంది.

ఖర్చు సంగతి? పుస్తకం కొనకుండా పరీక్షించే దారి ఉందా?

ఉంది. రూల్స్ సారాంశం ఉచితం, మొదటిసారి ఆడటానికి చిన్న సాహసం (ముందే రాసిపెట్టిన కథ) కూడా ప్రచురణకర్తలు ఉచితంగానే ఇస్తున్నారు. ముందు దాన్ని ఆడండి, తర్వాత పర్సు తీయండి.

ఒక చిన్న విషయం ఎవరూ ముందే చెప్పరు. బజార్లో దొరికే ఏడు పాచికల సెట్‌లో పన్నెండు ముఖాలది ఒక్కటే ఉంటుంది. ఈ ఆటకి ప్రతి ప్లేయర్‌కీ రెండు కావాలి, అదీ వేరే రంగుల్లో. నలుగురు ప్లేయర్లు ఉంటే ఎనిమిది. పాచికలు లేక మా మొదటి ఆదివారం గంటసేపు ఆలస్యంగా మొదలైంది.

పేజీలు ఎక్కువుంటే మంచి పుస్తకమేనా?

పేజీల సంఖ్య బరువు చెప్తుంది, అంతే. డాగర్‌హార్ట్ 366 పేజీలు. అందులో ఆట మొదలుపెట్టడానికి ఒక ప్లేయర్ చదవాల్సింది ఎంత అన్నది అడగండి. మా గుంపులో ఎవరూ ఇరవై పేజీలు దాటి చదవలేదు, ఆట ఆగలేదు.

రూల్స్ ఇంగ్లీష్‌లో ఉంటాయి, మేం తెలుగులో మాట్లాడుకుంటూ ఆడతాం. ఏం చూసుకోవాలి?

దీని మీద నేను ఎంత రాసినా తక్కువే. రూల్‌బుక్‌లో ఉన్న మాట చివరికి నోటితో పలకాలి. పలికినప్పుడు అది ఆటని ముందుకి నడుపుతోందా, ఆపుతోందా?

మేం మొదట ఫియర్‌ని "భయం" అన్నాం. "భయంతో పాసయ్యావు" అనగానే ప్లేయర్ తన పాత్ర వణికిపోతున్నట్టు నటించడం మొదలుపెట్టాడు. ఆటలో ఫియర్ అంటే పాత్ర భయపడటం కాదు, జీఎం చేతిలోకి వెళ్లే బలం. అందుకే హోప్, ఫియర్ అనే మాటల్ని అలాగే ఉంచేశాం. స్ట్రెస్‌ని మాత్రం "టెన్షన్" అంటున్నాం. "ఒక టెన్షన్ పెట్టుకో" అంటే ఎవరికీ వివరించాల్సిన పని లేదు. ఫినెస్ అనే గుణానికి "చేతివాటం" అన్నాం. తాళాలు తీసే దొంగ పాత్రకి అది అతికినట్టు సరిపోయింది. అయితే చేతివాటం అంటే దొంగతనం అలవాటు అని కూడా అర్థం కదా, విలుకాడి పాత్ర ఆడే తమ్ముడు ఒప్పుకోలేదు. అతని షీట్ మీద "గురి" అని రాసుకున్నాడు. తప్పేముంది?

డబ్బు లెక్క మాత్రం తెలుగు నోటికి హాయిగా ఉంది. నాణేలు లెక్కపెట్టనక్కర్లేదు, పిడికిళ్లు, సంచులు, పెట్టెలు. పది పిడికిళ్లు ఒక సంచి, పది సంచులు ఒక పెట్టె. "పిడికెడు బంగారం ఇస్తాను, దారి చూపించు" అని ప్లేయర్ అంటే ఆ వాక్యం కథలోంచి ఊడిపడదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఎక్స్‌పీరియెన్స్‌లు. పుస్తకం ఇచ్చే నైపుణ్యాల జాబితా లేదు, పాత్ర గతాన్ని ప్లేయరే ఒక చిన్న మాటగా రాసుకుంటారు. అది పనికొచ్చినచోట ఒక హోప్ ఖర్చు పెట్టి ఆ అంకె కలుపుకుంటారు, మొదట్లో +2. మా వాళ్లు రాసుకున్నవి ఇవి: "లంకల్లో పడవ నడుపుతూ పెరిగినవాడు", "సంతలో బేరమాడి నోరు తిరిగినది", "అమ్మమ్మ దగ్గర నాటువైద్యం నేర్చుకున్నది". పుస్తకంలోని ఊహాలోకానికి గోదావరి లంకలు ఎప్పుడు వచ్చి చేరాయో తెలియలేదు. జాబితా ఉన్న ఆటల్లో "పర్సుయేషన్" (ఒప్పించడం) అని చూసి అదేమిటని అడిగేవాళ్లు, ఇక్కడ తమ మాట తామే రాసుకున్నారు. తెలుగు గుంపు కోసం పుస్తకం చూస్తున్నవాళ్లు ఇలాంటి ఖాళీ చోట్లు ఎన్ని ఉన్నాయో వెతకండి. ఖాళీ ఉన్నచోట మన భాష వచ్చి కూర్చుంటుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో పోల్చి చెప్పొచ్చా?

పోల్చండి, కానీ దాన్నే కొలబద్ద చేయకండి. "ఇందులో గ్రిడ్ లెక్క లేదు" అన్నది లోపం కాదు, దూరాల్ని దగ్గర, దూరం, బాగా దూరం అని చెప్పుకునే పద్ధతి కావాలనే పెట్టారు. గడులు లెక్కపెట్టి ఎత్తులు వేయడం ఇష్టమైన గుంపుకి ఇది చప్పగా ఉంటుంది, అది నిజం. అప్పుడు "మా గుంపుకి నప్పలేదు" అని రాయండి, "పుస్తకం బాలేదు" అని రాయకండి.

ఒక రూల్ నచ్చకపోతే మార్చేసుకుని ఆడొచ్చా?

ఆడుకోవడానికి అయితే నిరభ్యంతరంగా. అంచనా వేయడానికి అయితే ముందు రాసినట్టే ఆడండి. నచ్చని రూల్ వెనక ఇంకో రూల్ ఆనుకుని ఉండొచ్చు. ఫియర్ పాయింట్లు జీఎంకి మరీ ఎక్కువ బలం ఇస్తున్నాయని ఒక స్నేహితుడు వాటిని సగానికి తగ్గించాడు. దాంతో శత్రువుల పెద్ద శక్తులు ఎప్పుడూ బయటికి రాలేదు, పోరాటాలన్నీ తేలిపోయాయి. తర్వాత ఆయనే "శత్రువులు బలహీనంగా రాశారు" అన్నాడు.

లెవెల్ పెరగడానికి పాయింట్లు లేవట కదా. మరి ప్లేయర్‌కి ఆశ ఏమిటి?

అవును, కథలో తగిన చోటు వచ్చినప్పుడు అందరికీ లెవెల్ పెరిగిందని జీఎం చెప్తారు. కాబట్టి బహుమతి ఎక్కడుందో వేరేచోట వెతకాలి. అది హోప్‌లో ఉంది. పాత్ర దగ్గర ఆరుకి మించి ఉండవు, కాబట్టి దాచుకోవడానికి లేదు. ఒకటి ఖర్చు పెట్టి స్నేహితుడికి సాయం చేయొచ్చు, మూడు పెట్టి ఇద్దరూ కలిసి దెబ్బ కొట్టొచ్చు. పాచిక వేస్తే హోప్ వస్తుంది, సాయం చేస్తే ఖర్చవుతుంది. కలిసి కథ అల్లుకోవాలన్న మాటకి రూల్స్ ఇక్కడ నిలబడ్డాయి. మూడో సెషన్‌కి మా వాళ్లు "నా హోప్ తీసుకో" అని అడగకుండానే ఇచ్చుకోవడం చూశాను.

కథలో ఇబ్బంది పెట్టే విషయాలు వస్తే? పుస్తకం దాని గురించి చెప్పాలా?

చెప్పాలి. ఆట మొదలుకాకముందే అందరూ కూర్చుని ఏం ఉండకూడదో మాట్లాడుకోవడం, ఎవరికైనా ఇబ్బందైతే కారణం చెప్పకుండానే సన్నివేశం ఆపగలగడం చాలా అవసరం. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్ కార్డ్ అనే పద్ధతిలో బల్ల మీద ఒక కార్డు ఉంటుంది, దాన్ని తాకితే చాలు. డాగర్‌హార్ట్ ఈ పద్ధతుల గురించి చెప్తుంది. మన దగ్గర అన్నదమ్ములు, బావమరుదులు, ఆఫీసు వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. పెద్దవాళ్ల ముందు "నాకు ఇది వద్దు" అని నోటితో అనడం కష్టం. కార్డు తాకడం తేలిక.

లైసెన్స్ గురించి మామూలు ప్లేయర్ ఎందుకు పట్టించుకోవాలి?

మీరు ఇంట్లో ఆడుకోవడానికైతే అక్కర్లేదు. సొంత సాహసం రాసి అమ్మాలన్నా, రూల్స్‌ని తెలుగులోకి తేవాలన్నా అదే మొదట చదవాలి. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత ఓపెన్ గేమ్ లైసెన్స్‌ని (దాని రూల్స్‌తో ఇతరులు సొంత పుస్తకాలు చేసుకోనిచ్చే అనుమతిని) మార్చబోతున్నారన్న ముసాయిదా బయటికి వచ్చి పెద్ద గొడవ అయింది. ఆ నెలాఖరుకే ఆ ఆటని ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ వెనక్కి తగ్గి, తన 5.1 రూల్స్ సారాంశాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 2025 ఏప్రిల్‌లో 5.2 కూడా అలాగే వచ్చింది. మూలం ఎవరిదో చెప్తూ ఎవరైనా వాటిని అనువదించుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. అంటే తెలుగులో ఒక ఆట పుస్తకం రావడానికి చట్టపరంగా దారి తెరిచే ఉంది. డాగర్‌హార్ట్‌కి వేరే లైసెన్స్ ఉంది, దాని షరతులు వేరు, చదువుకునే మొదలుపెట్టండి.

పాత రివ్యూలు నమ్మొచ్చా?

తేదీ చూడండి. డాగర్‌హార్ట్ బీటా (అచ్చుకి ముందు పరీక్షకి ఇచ్చిన రూపం) 2024 మార్చిలోనే అందరికీ ఇచ్చారు. అప్పటి రూల్స్‌లో ప్లేయర్ల పనుల్ని టోకెన్లతో లెక్కపెట్టి జీఎం వాడుకునే పద్ధతి ఉండేది, అచ్చు పుస్తకంలో అది అలా లేదు. బీటా చూసి రాసిన విమర్శ ఈ పుస్తకానికి వర్తించకపోవచ్చు.

నేను రివ్యూ రాయాలనుకుంటున్నాను. తప్పకుండా ఏం చెప్పాలి?

ఎన్ని సెషన్లు ఆడారు, ఎంతమందితో, జీఎంగానా ప్లేయర్‌గానా, రూల్స్ ఏవైనా మార్చారా. ఇవి మొదటి పేరాలోనే చెప్పండి. ఆడకుండా చదివి రాస్తే అదీ చెప్పండి, చదివి రాసిన రివ్యూకీ విలువుంది. తర్వాత ఒక్క సన్నివేశం పూర్తిగా రాయండి: ఎవరు ఏం చేయబోయారు, పాచికల మీద ఏం పడింది, ఏ రూల్ వల్ల కథ ఎటు తిరిగింది. "మెకానిక్స్ స్మూత్‌గా ఉన్నాయి" అనే వాక్యం పది చదివినా నాకు ఏమీ తెలియలేదు. దీపం ఆరిపోయిన సంగతి ఒక్కటి చెప్తే తెలుస్తుంది.

చివరికి, డాగర్‌హార్ట్ కొనమంటారా?

కబుర్లు చెప్పుకుంటూ ఆడే గుంపు, ఓపికున్న జీఎం, అందరూ కలిసే కథ కావాలనుకునేవాళ్లు అయితే కొనండి. జీఎం మొదటిసారి నడుపుతున్నట్టయితే ఉచిత సాహసంతో రెండు ఆదివారాలు గడిపాకే కొనండి. ఎత్తుకి పైఎత్తు వేసే పోరాటాలే మీకు ప్రాణమైతే మీ డబ్బు వేరే పుస్తకానికి దాచుకోండి. మా గుంపు వచ్చే ఆదివారం నాలుగో లెవెల్‌కి వెళ్తోంది. చింతగింజలు ఈసారి ఆ చెల్లెమ్మే తెస్తానంది.